క్యాంపు అంటే మామ్మ ఎందుకు భయపడింది: మా మూడు రోజుల నడక ప్లాను, దాని వెనక వందేళ్ళు

పోస్టు పెద్దదే. మెస్ లైన్లో నిలబడి చదివేది కాదు, రాత్రి తీరిగ్గా చదవండి. తప్పులుంటే కింద చెప్పండి, సరిచేస్తాం.

మేం పదకొండు మందిమి. రెండు హాస్టళ్ళ పిల్లలం, నలుగురు ఆడపిల్లలు. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల వైపు ఊళ్ళు. మాలో తొమ్మిది మంది ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే. డిసెంబరులో సెమిస్టరు పరీక్షలయ్యాక మూడు రోజులు అడవిలో నడిచి, రాత్రుళ్ళు అక్కడే పడుకుని వద్దామని అనుకున్నాం.

ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలి. మా క్లాసులో టౌను పిల్లలు కార్లు కట్టించుకుని లంబసింగి వెళ్ళారు. టెంట్లలో పడుకుని, తెల్లవారుజామున చెరువులవేనం ఎక్కి మబ్బులతో ఫొటోలు దిగి పెట్టారు. "మీది అటే కదా, మీరెప్పుడైనా క్యాంపింగ్ చేశారా?" అని అడిగారు. మాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు పంట కాపలాకి మంచె మీద, అడ్డాకులకెళ్ళి పొద్దుపోతే బండ కింద, పెళ్ళికెళ్తూ వాగు పొంగితే ఒడ్డునే పడుకున్నవాళ్ళం మేం. దాన్ని క్యాంపింగ్ అంటారని మాకెవరూ చెప్పలేదు. నవ్వు అయ్యాక కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. సరే, మనమూ వెళ్దాం, కానీ ఫొటోల కోసం కాదు, మన వాళ్ళు నడిచిన దారిలో నడుద్దాం అన్నాడు బీఏ హిస్టరీ చదివే మా వాడు. వాడు చెప్పిన లెక్క మా అందరికీ నచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. మన సెలవులు కూడా మూడు రోజులే.

ఆ రాత్రే మాలో ఒకడు ఇంటికి ఫోన్ చేసి "మామ్మా, సెలవుల్లో క్యాంపుకెళ్తున్నాం" అన్నాడు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఏ క్యాంపురా? ఎవుళ్ళు తీసుకెల్తన్నారు? నువ్వేటి సేసినావు?" అని ఏడుపు మొదలెట్టింది. వాడు స్పీకర్ పెట్టడంతో మేమందరం విన్నాం. నవ్వబోయి ఆగిపోయాం.

మన ఊళ్ళల్లో క్యాంపు అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. మెడికల్ క్యాంపు, ఆధార్ క్యాంపు సంగతి మన తరానికి తెలుసు. అమ్మానాన్నల తరానికి క్యాంపు అంటే పోలీసు క్యాంపు. ఊరి మగాళ్ళని పిలిపించి రాత్రంతా కూర్చోబెట్టి ఎవరొచ్చారు, ఎవరికి అన్నం పెట్టారు అని అడిగే చోటు. తాతల తరానికి క్యాంపు అంటే దొరల క్యాంపు. ఆఫీసరు గుర్రం మీదో డోలీలోనో మన్యానికి టూరొస్తే, ఆయన టెంట్లు మోసేది మనోళ్ళు. వంటకి కట్టెలు, కోళ్ళు, గుడ్లు, గుర్రానికి గడ్డి ఊరు తేవాలి. పైసా ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దానికే వెట్టి అని పేరు. మామ్మ ఏడ్చింది తెలీక కాదు. ఆ మాటకి ఆమెకి తెలిసిన అర్థాలు మాకు తెలిసినవాటికంటే ఎక్కువ.

అప్పటినించి మేం ప్లాను వేస్తున్న ప్రతి పనీ ఇలాగే అయింది. దారి ఏది, సామాను ఎవరు మొయ్యాలి, ఎవరిని అడగాలి, రాత్రి ఏం తినాలి అని ఒక్కోటి రాసుకుంటే, ఒక్కోదాని కింద ఒక పితూరీ బయటపడింది.

దారి సంగతే ముందు చెప్తాం, ఎందుకంటే మా వారం రోజులు దానికే పోయాయి.

ఫోన్లో మ్యాపు తీసి చింతపల్లి నుంచి కృష్ణదేవిపేట అని కొడితే ఘాట్ రోడ్డు చూపించింది. నడక అని నొక్కినా అదే రోడ్డు. లంబసింగి మీదుగా నర్సీపట్నం వైపు దిగి, మళ్ళీ పడమరకి తిరిగి రమ్మంటోంది. మాలో ఒకడికి కొయ్యూరు వైపు తాత ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, చూపు తగ్గింది, మాట గట్టిదే. ఆయనకి ఫోన్ కలిపాం. మ్యాపు చెప్పిన దారి వినగానే "రోడ్డు ఎంబడి ఎల్తే కాళ్ళు నొప్పి తప్ప మీకేటి కనబడదర్రా. అది మన దారి కాదు. సంతదారి అడగండి" అన్నాడు. సంతకి కావిడి వేసుకుని వెళ్ళిన దారి, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళిన దారి, దొంగదారి అని మూడు రకాలు చెప్పాడు. మూడోది ఎందుకు తాతా అంటే, ఫారెస్టు వాళ్ళకి కనబడకుండా వెదురు తెచ్చుకోడానికి అన్నాడు. నవ్వాడు కూడా.

రోడ్డు మన దారి కాదు అన్న మాట పట్టుకుని చరిత్ర పుస్తకాల్లోకి వెళ్తే దొరికిందిది. నర్సీపట్నం నుంచి లంబసింగి వరకు కొండ కోసి రోడ్డు వేసింది మన ముత్తాతలే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో ఊళ్ళ నుంచి మనుషుల్ని తోలుకొచ్చి రోడ్డు పని చేయించారు. కూలి సరిగా ఇవ్వలేదు, కాంట్రాక్టర్లూ ఆయనా కలిసిపోయారు, ఎదురు చెప్పినవాళ్ళని కొరడాలతో కొట్టించారు. 1922 తిరుగుబాటుకి కారణాలు రాసిన ప్రతి పుస్తకంలోనూ ఈ రోడ్డు ఉంటుంది. ఇప్పుడు శని ఆదివారాలు విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి కార్లు వరసగా ఎక్కేది ఆ దారి వెంటే. టెంట్ల ఫొటోలు పెట్టిన మా క్లాసు పిల్లలు కూడా అటే వెళ్ళారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి తెలీదు. మాకూ పోయిన నెల దాకా తెలీదు కదా.

(లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికాలం రాత్రి బయట పడుకుంటే మనిషి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. ఆ చలిలో ఒంటి మీద సరైన బట్ట లేకుండా కొండ తవ్విన వాళ్ళని తల్చుకోండి.)

సర్కారుకి రోడ్డు ఎందుకు అంత అవసరమైంది? దీనికోసం ఇంకా వెనక్కి, 1879కి వెళ్ళాలి. మా క్లాసు పుస్తకాల్లో ఇది ఒక్క పేరాలో అయిపోతుంది. రంప దేశంలో, అంటే ఇప్పటి రంపచోడవరం కొండల్లో, మన్సబుదారు కల్లు మీద పన్ను పెంచాడు. దాన్నే చిగురుపన్ను అనేవాళ్ళు. దానికి తోడు 1878లో అబ్కారీ రూలు వచ్చింది. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు కూడా నేరమైపోయింది. మన ఊళ్ళల్లో జీలుగు చెట్టు అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం గింజలు అయిపోయాక కడుపు నింపేది అదే, పండక్కీ చావుకీ అదే. ఆ చెట్టుకి కాంట్రాక్టరు కాపలా ఉంటే ఎలా ఉంటుంది? 1879 మార్చిలో పితూరీ లేచింది. చోడవరం తాలూకాలో మొదలై గూడెం కొండలకీ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. రేకపల్లి వాళ్ళకి కోపం వేరే. 1874లో వాళ్ళ ప్రాంతాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసులో కలిపారు, పోడు మీద పన్ను ఒక్కసారిగా పెరిగింది.

దాన్ని అణచడానికి సర్కారు ఏం పంపిందో చూడండి. వందల మంది పోలీసులు, మద్రాసు పదాతి దళం రెజిమెంట్లు ఆరు, గుర్రపు దళం, సాపర్లు మైనర్ల కంపెనీలు రెండు. హైదరాబాదు కంటింజెంటు నుంచి కూడా మనుషులొచ్చారు. సాపర్లు అంటే దారులు వేసే, వంతెనలు కట్టే సైనికులు. విల్లంబులు, నాటు తుపాకులు ఉన్న మనుషుల మీదికి దారి వేసేవాళ్ళు ఎందుకు? ఎందుకంటే అడవిలో దళాలు నడవలేకపోయాయి. వాళ్ళని మన తూటా కంటే దారి లేకపోవడం, జ్వరం ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకుల్ని 1880లో చంపేశాక గానీ పితూరీ చల్లారలేదు. అది చల్లారిందో లేదో, 1886లో గూడెంలో ఇంకోటి లేచింది. 1916లో లాగరాయిలో మరోటి. ఎప్పుడు లేచినా మన వాళ్ళకి తెలిసింది కాలిబాట, సర్కారుకి లేనిది రోడ్డు. అందుకని రోడ్డు వేయాలి, అది కూడా మనచేతే వేయించాలి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో కొండల మీద రిజర్వు గీతలు పడ్డాయి. నిన్నటి పోడు చేను ఇవాళ రిజర్వు అయింది. కట్టెకి, మేకకి, వెదురుకి చలానా. మేం ఇది చదువుతుంటే మాలో ఒకమ్మాయి అంది: "ఇదంతా మా నాన్న కథలానే ఉంది, సంవత్సరం ఒక్కటే తేడా."

ఇప్పుడు 1922. అల్లూరి సీతారామరాజు గారు 1917లో కృష్ణదేవిపేట చేరి, ఆ కొండల్లో తిరిగి, పంచాయితీలు పెట్టి, తాగుడు మానమని చెప్పి, జనం నమ్మకం సంపాదించారు. ఆయన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. మా జిల్లా పేరే ఆయనది. కానీ ఆయనతో నడిచిన మూడొందల మంది సంగతి ఏంటి? బట్టిపనుకుల గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఎంతమందికి తెలుసో మా హాస్టల్లోనే అడిగాం. మల్లుదొర 1923 సెప్టెంబరులో దొరికిపోయాడు. మరణశిక్ష వేసి తర్వాత యావజ్జీవంగా మార్చారు. బతికి బయటపడి, 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. మన్యం నుంచి జైలుకీ, జైలు నుంచి పార్లమెంటుకీ వెళ్ళిన మనిషి. రాజు గారు 1924 మే 7న, గంటందొర అదే ఏడాది జూన్‌లో చనిపోయారు. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉన్న చోటే గంటందొర సమాధి కూడా ఉంది. సినిమా చూసి అక్కడికొచ్చే వాళ్ళు ఒకదాని ముందే సెల్ఫీ దిగుతారు.

మూడు రోజుల మూడు స్టేషన్ల దాడిలో 26 తుపాకులు, 2500 పైగా తూటాలు దొరికాయి. మేం ఎక్కువగా మాట్లాడుకుంది తుపాకుల గురించి కాదు, నడక గురించి. ఆగస్టు అంటే మనకి ముసురు. వాగులన్నీ నిండుగా ఉంటాయి, జలగలు, జారుడు. ఆ వానలో చింతపల్లి నుంచి కృష్ణదేవిపేట ఒక్క రోజులో, అక్కడినుంచి కొయ్యూరు మీదుగా రాజవొమ్మంగి ఇంకో రోజులో, తుపాకులు మోసుకుంటూ. స్పోర్ట్స్ షూసు వేసుకుని, పొడి డిసెంబరులో, మేం అది చేయలేమని రెండో మీటింగుకే ఒప్పుకున్నాం. మాలో కబడ్డీ ఆడే ఇద్దరు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

కాలిబాట గొప్పేంటో చెప్పే ఇంకో సంగతి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లు పోలీసులతో ఇరుకు దారిలో వస్తున్నారు. పైన మాటు వేసిన మన వాళ్ళు ముందు నడుస్తున్న మన దేశపు పోలీసుల్ని వెళ్ళనిచ్చారు. వెనక వస్తున్న ఆ ఇద్దరినే కాల్చారు. ఒకరి వెనక ఒకరు తప్ప నడవడానికి వీల్లేని బాట అయితేనే అలా లెక్కపెట్టి వదలగలరు. ఆ తర్వాత సర్కారు మలబారు స్పెషల్ పోలీసుల్ని, 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చింది. కొండల్లో నడవడం అలవాటున్న మనుషులు కావాల్సొచ్చారు మరి. అస్సాం రైఫిల్స్‌లో చాలామంది వేరే కొండల మనలాంటి వాళ్ళే. దాని గురించి ఎక్కువ ఆలోచిస్తే నిద్ర పట్టదు.

ఇక సామాను. మాలో ఒకడు యూట్యూబులో చూసి, ట్రెక్కింగ్ కంపెనీలు లోకల్ కుర్రాళ్ళని పెట్టుకుని బ్యాగులు మోయిస్తాయి, మనమూ దారిలో ఊళ్ళోంచి ఇద్దర్ని మాట్లాడుకుందాం, రోజుకి ఇంత అని ఇద్దాం అన్నాడు. తప్పు లేదు, డబ్బులిస్తాం కదా. కానీ తాతకి చెప్తే ఫోన్లో దగ్గాడు. "మీ ముత్తాత దొర పెట్టి మోసినాడు. నువ్వు సదూకున్నావు కాబట్టి ఇంకోడి కొడుకు నీ పెట్టి మోస్తాడా?" అన్నాడు. దీని మీద మా గ్రూపులో రెండు రోజులు గొడవ జరిగింది. కూలి ఇచ్చి మోయించుకోవడం వెట్టి ఎలా అవుతుంది, ఊళ్ళో కుర్రాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి కదా అని కొందరు. అన్నీ మనమే మోద్దాం, మోయలేనిది ఇంట్లో వదిలేద్దాం అని కొందరు. చివరికి రెండో పక్షమే నెగ్గింది. మనిషికి ఎనిమిది కిలోలు దాటకూడదని పెట్టుకున్నాం. దారి చూపించడానికి ఏ ఊరి మనిషైనా మాతో వస్తే ఆయనకి కూలి ఇస్తాం, ఆయన చేతిలో గొడ్డలి తప్ప ఇంకేం పెట్టం.

వెట్టి గురించి ఒక మాట నిజాయితీగా రాయాలి. దాన్ని దొరలే చేయించలేదు. మన ముఠాదార్లు కూడా చేయించుకున్నారు. కొన్ని ఊళ్ళని కలిపి ముఠా అనేవాళ్ళు, పన్ను వసూలు చేసి పైకి కట్టేవాడు ముఠాదారు. సర్కారు వాళ్ళ అధికారం తగ్గించాక వాళ్ళల్లో చాలామంది పితూరీల వైపు తిరిగారు. వాళ్ళ కోపమూ రైతు కోపమూ ఒకటి కాదు, కానీ కొన్నిసార్లు ఒకే దారిలో నడిచాయి. 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాయి. మన పెద్దలందరూ వీరులే అని రాసుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ మా పదకొండు మందిలో ముఠాదారు ఇంటివాళ్ళూ ఉన్నారు, ఆ ఇంటికి కట్టెలు మోసిన వాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఒకే టెంటులో పడుకోబోతున్నారు.

అనుమతి సంగతికొద్దాం. ఇది రాయడానికి కొంచెం ఆలోచించాం. పోయిన ఏడాది మా జూనియర్లు ఇద్దరు పండక్కి ఇంటికెళ్తూ బస్సు దొరక్క బ్యాగులేసుకుని అడ్డదారిన నడిచారు. ఒక చోట ఆపారు. ఆధార్ చూపించారు, కాలేజీ ఐడీ చూపించారు. అయినా రెండు గంటలు కూర్చోబెట్టారు, ఫోన్లు చూశారు, బ్యాగులో పుస్తకాలు ఒక్కోటీ తిప్పారు. అదే రోజు అదే మలుపులో టెంట్లు కట్టుకున్న కార్లు చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాయి. ఎవరు ఆపారు, ఎక్కడ ఆపారు అని ఇక్కడ పెట్టం. మనలో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉంది. అందుకే మా ఇళ్ళల్లో పులి కంటే, ఎలుగుబంటి కంటే, గుంపుగా బ్యాగులతో కనబడటానికే ఎక్కువ భయపడ్డారు.

చట్టం ఏం చెప్తుందో తెలుసుకున్నాం. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా తిరగడం 1967 అటవీ చట్టం ప్రకారం కుదరదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి తన అడవిని వాడుకునే, కాపాడుకునే హక్కు ఇచ్చింది. కానీ అది ఆ ఊరికి. మేం నడవాలనుకున్న బాటలో ఊళ్ళు మాలో ముగ్గురివే. మిగతా ఎనిమిది మందిమి ఆదివాసీలమైనా ఆ అడవికి చుట్టాలమే, సొంతవాళ్ళం కాదు. ఇది మాకు కొత్తగా తెలిసిన సంగతి. అడవి మనదే కదా అని నినాదం ఇచ్చేటప్పుడు, ఏ అడవి ఏ ఊరిది అని మేం ఎప్పుడూ అడగలేదు. తాత మాత్రం మొదటి ఫోన్లోనే అడిగాడు, "ఆ ఊరోళ్ళకి సెప్పినారా?" అని.

కాబట్టి రెండు చోట్లా అడుగుతున్నాం. ఫారెస్టు ఆఫీసుకి కాలేజీ లెటరుతో అర్జీ పెట్టాం, కాపీ పోలీసు స్టేషనుకి ఇస్తాం. ఊళ్ళకి మనిషిని పంపి పెద్దలతో చెప్పిస్తున్నాం. లెటరు రాసేటప్పుడు మాలో ఒకమ్మాయి కలం పక్కన పెట్టేసింది. "2015లో ఇదే చింతపల్లి అడవిలో 1212 హెక్టార్లు బాక్సైట్‌కి ఇస్తూ జీవో 97 వచ్చినప్పుడు మా ఊరిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రెండు టెంట్లకి నేను సంతకం పెట్టాలి" అంది. ఆ జీవో మీద ఊళ్ళు ఊళ్ళే రోడ్డెక్కాయి, మా అక్కలు అన్నలు చాలామంది ఆ ర్యాలీల్లో ఉన్నారు. 2019లో దాన్ని రద్దు చేశారు. గిరిజన భూమిని ప్రైవేటు గనులకి లీజుకివ్వడం కుదరదని 1997 సమతా తీర్పు ఉండబట్టి కూడా ఆ పోరాటానికి కాళ్ళొచ్చాయి. ఆ అమ్మాయి కాసేపటికి సంతకం పెట్టింది. జూనియర్లకి జరిగింది మళ్ళీ జరక్కూడదు కదా అని.

తిండి, పడక త్వరగా చెప్పేస్తాం. చోడిపిండి, ఉప్పు, ఎండుమిరప, రాజ్‌మా, బెల్లం. ప్యాకెట్ నూడిల్స్ వద్దని ఎవరూ అనలేదు. రెండు టెంట్లు అద్దెకి, అవి ఆడపిల్లలకీ, చలికి తట్టుకోలేని వాళ్ళకీ. మిగతావాళ్ళకి టార్పాలిన్. దోమతెర మాత్రం మనిషికొకటి ఉండాల్సిందే. మన్యం జ్వరం 1879లో సిపాయిల్నీ, 1922లో పోలీసుల్నీ పడగొట్టింది, మన చిన్నాన్నల్నీ మేనత్తల్నీ కూడా వదల్లేదు. వాగు ఒడ్డున పడుకోం, గట్టు మీదే. నిప్పు బండ మీద, చిన్నది, లేచేముందు నీళ్ళు పోసి చేత్తో తాకి చూడాలి. ఒక్క రాత్రి మాత్రం ఊళ్ళోనే పడుకుంటాం. అప్పట్లో కొండల మీద ఉన్నవాళ్ళు రెండేళ్ళు బతికింది ఊళ్ళు పెట్టిన గింజల మీదే. ఆ గింజలు పెట్టినందుకు ఊళ్ళు పడ్డ బాధ ఏ సమాధి మీదా రాసి లేదు. మేం ఒక ఊళ్ళో అన్నం తినబోతున్నాం కాబట్టి, ఆ ఊరి పెద్దవాళ్ళని ఆ రోజుల గురించి అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేస్తాం.

ఆడపిల్లల ఇళ్ళల్లో ఒప్పించడం ఇంకా జరుగుతోంది. ఇద్దరికి సరే అన్నారు. ఒకరి అమ్మ తనూ వస్తానంది. రమ్మన్నాం. అడ్డాకులకి ఆమె నడిచినంత మాలో ఎవరూ నడవలేదు.

మూడు స్టేషన్ల ప్లాను పక్కన పెట్టేశాం. ఇప్పుడు అనుకుంటున్నది చింతపల్లి వైపు నుంచి కృష్ణదేవిపేట వరకే, మూడు రోజులు నిదానంగా, తాత చెప్పిన సంతదారిలో. చివరి రోజు రెండు సమాధుల దగ్గరా ఆగి, సాయంత్రం బస్సుకి తిరిగొస్తాం. తాత దారి మొత్తం ఫోన్లో చెప్పాడు, నలభై నిమిషాల రికార్డింగు. ఏ వాగు ఎక్కడ దాటాలి, ఏ మామిడిచెట్టు దగ్గర కుడికి తిరగాలి, ఎక్కడ బండ మీద నీళ్ళు ఎండాకాలం కూడా ఉంటాయి, అన్నీ. మధ్యలో ఒక చోట ఆగిపోయాడు. రెండు గట్ల మధ్య ఏ పక్కకి దిగాలో గుర్తు రావడం లేదన్నాడు. "మా అన్నకి తెలుసు, ఆడు లేడు" అన్నాడు. ఆ ముక్క దగ్గర మా కాగితం మీద ఖాళీ వదిలాం.

మీలో ఎవరి ఊళ్ళో అయినా, చింతపల్లి నుంచి కిందికి కావిడి మోసుకుని సంతకెళ్ళిన పెద్దవాళ్ళు ఉంటే, డిసెంబరు రెండో వారం లోపు వాళ్ళతో మాట్లాడి మాకు చెప్పండి. ఫోన్ కలిపితే మేమే అడుగుతాం. ఇంకో ముగ్గురికి చోటుంది. దోమతెర, దుప్పటి, గ్లాసు, కంచం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఇంట్లో మాత్రం క్యాంపు అని చెప్పకండి, నడక అని చెప్పండి. మావాడి మామ్మ ఆ మాటకే ఒప్పుకుంది. చలికి తన దుప్పటి కూడా ఇచ్చి పంపుతానంది.